రంగం పిన్నిగారి ఎనిమిదో రోజు

ఇవాళ మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి, ఆన్‌లైన్లో తెప్పించిన పార్సిలు విప్పాను. లోపల అరచేయంత చెక్కముక్క ఉంది. సానమీద నాలుగు నీటిచుక్కలు వేసి అరగదీసేసరికి గదంతా ఆ వాసన కమ్ముకుంది. గంధానికి దగ్గరే గానీ గంధం కాదు. కొంచెం పొడిగా, కొంచెం పచ్చిగా ఉంటుంది. బుగ్గకు రాసుకుంటే చల్లగా పట్టింది. బర్మాలో ఆడపిల్లలు దీన్ని మొహానికి పూసుకుని బజారుకు వెళతారు. ఆ సంగతి నాకు ఫోను చెప్పలేదు. ఫోనులు రాకముందే వరలక్ష్మి పిన్నిగారు చెప్పారు. గుండీల డబ్బాలో బొటనవేలంత చెక్కముక్క దాచుకుని, బుద్ధి పుట్టినప్పుడు తీసి నా ముక్కు దగ్గర పెట్టేవారు. "పీల్చు. నా ఊరు ఇలా ఉంటుంది," అనేవారు. అదీ ఇదీ ఒకే వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టగలిగినందుకు నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. సామర్లకోట స్టేషను రోడ్డులో ఆమెకు జాకెట్లు కుట్టే కొట్టుండేది. ఇంటర్ తప్పి ఇంట్లో ఒక మూల కూర్చుని ఉంటే, మా అమ్మ నన్ను తీసుకెళ్ళి ఆమె దగ్గర పనికి పెట్టింది. ఆమె పుట్టింది రంగూన్‌లో. మా వైపు పెద్దవాళ్ళు ఆ ఊరిని రంగం అంటారు. తాతల నాడు ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. అక్కడ పరిస్థితులు తిరగబడి, ఆమెకు పదిహేనో పదహారో ఉన్నప్పుడు ఉన్నవన్నీ వదిలేసి మళ్ళీ ఓడెక్కి వచ్చేశారు. అందుకని ఊళ్ళో ఆమె పేరు రంగం పిన్నిగారు. అది ఎదుట పిలిచే పేరు. చాటున ఇంకో పేరుండేది, కోతల పిన్నిగారు అని.

ఆ పేరు ఊరికే రాలేదు లెండి. ఆమె నోట్లో నువ్వుగింజ నానేది కాదు. మిషను చక్రం తిరిగినంతసేపూ రంగం కబుర్లే. అక్కడ కొండల మధ్య ఒక పెద్ద చెరువుందట. దాంట్లో జాలర్లు పడవ కొసన ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు తెడ్డుకు చుట్టి, కాలితోనే పడవ నడుపుతారట. టీ ఆకును ఊరబెట్టి, వేయించిన వేరుశెనగపప్పూ నువ్వులూ కలిపి తింటారట. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకొకటి ఒక ఎత్తు. ఆ దేశంలో వారానికి ఎనిమిది రోజులట!

హుక్కులు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ మాట వినడానికే కాసేపు కూర్చునేవాళ్ళు. "పిన్నిగారూ, మరి జీతం ఎనిమిది రోజులకా ఏడు రోజులకా అండీ?" అని ఒకావిడ అంటే, "నా జాకెట్టు ఆ ఎనిమిదో రోజుకి ఇచ్చేయండి, తొందరేం లేదు," అని ఇంకొకావిడ. పిన్నిగారు కోప్పడేవారు కాదు. గోడవారగా స్టూలు మీద కూర్చున్న భర్త వైపు తిరిగేవారు. భీమారావు గారు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన మనిషి. ఆయనా రంగంలో పెరిగినవాడే. పేపరు మీదినుంచి కళ్ళెత్తకుండా, "ఔను, ఎనిమిదే," అనేవారు. అంతటితో పిన్నిగారికి కొండంత బలం.

చేరిన కొత్తల్లో ఒకరోజు నన్ను అడిగారు. "పద్మా, నువ్వు పుట్టింది ఏ వారమే?"

"బుధవారమండి."

"పొద్దునా, మధ్యాహ్నమా?"

"అన్నాలు తినే వేళ దాటాక అంటుంది మా అమ్మ."

ఆవిడ కత్తెర కింద పెట్టేశారు. "ఓసినీ! అయితే ఎనిమిదో రోజు నీదేనే. అక్కడ బుధవారాన్ని రెండు చేస్తారు. పొద్దుటిది ఒక రోజు, మధ్యాహ్నం నుంచి ఇంకో రోజు. పెద్ద గోపురం చుట్టూ వారానికో మూల, మూలకో జంతువు. ఎవరి మూలకి వాళ్ళు వెళ్ళి నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటారు. పొద్దుట పుట్టినవాళ్ళకి దంతాల ఏనుగు. నీకు దంతాల్లేని ఏనుగు."

"నాకు దంతాలు కూడా లేవా?" అన్నాను. పరీక్ష తప్పిన పిల్లకు అన్నీ దెప్పుళ్ళలాగే వినిపిస్తాయి.

"ఏడిశావులే. దంతాలు లేకపోతే ఏనుగు కాకుండా పోతుందా? నీకంటూ ఒక రోజు వేరే పెట్టారే పిచ్చిదానా," అన్నారు. నిజమో అబద్ధమో నాకు అనవసరం. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే, చాలా నెలల తర్వాత తలెత్తుకుని నడిచాను.

పనిలో ఆవిడ నేర్పిన మొదటి పాఠం కుట్టు గురించి కాదు. ఒకావిడ చంక దగ్గర పట్టేస్తోందని జాకెట్టు తిరిగి పట్టుకొచ్చింది. నేను టేపు పెట్టి కొలిచి, "సరిగ్గానే ఉందండీ, మీకలా అనిపిస్తోంది," అన్నాను. ఆవిడ వెళ్ళేదాకా ఆగి పిన్నిగారు నన్ను దులిపేశారు. "ఆవిడ బిగుతంటే బిగుతే. ఆ ఒళ్ళు ఆవిడది. వేసుకు తిరిగేది జాకెట్టుని గానీ నీ టేపుని కాదు కదే! ముందు నమ్ము, తర్వాత కొలుచుకో," అన్నారు. తను చెప్పేవి ఊళ్ళో ఒక్కరూ నమ్మకపోయినా, ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం ముందు నమ్మే మనిషి ఆమె.

భీమారావు గారు పోయాక కొట్టులో కబుర్లు ఆగిపోయాయి. స్టూలు ఖాళీ. ఎవరైనా అలవాటుగా, "పిన్నిగారూ, ఎనిమిదో రోజు ఎప్పుడొస్తుందండీ?" అంటే మిషను మీదికి వంగిపోయేవారు. ఒక సాయంత్రం బాబిన్‌కి దారం చుడుతూ, "సాక్షి పోయాడే," అన్నారు. నావైపు చూడకుండా, "ఒకవేళ నేనే కల్పించుకున్నానేమో. చిన్నపిల్లని. ఓడలో జ్వరం కూడా వచ్చింది. కలలూ నిజాలూ కలిపేసుకున్నానేమో," అన్నారు. ఊరంతా నమ్మకపోయినా ఆవిడకి ఆవిడ ఉండేవారు. ఇప్పుడు అదీ లేదు.

అప్పటికి నేను కొత్తగా పెద్ద ఫోను కొనుక్కున్నాను. ఇంతదానికి ఆవిడెందుకు బెంగపడాలి, ఫోనులో లేనిదేముంది అనుకుని, 'కాలితో పడవ నడపడం' అని తెలుగులో కొట్టాను. మన గోదావరి పడవలు వచ్చాయి, పాపికొండల బోటు షికార్లు వచ్చాయి, ఎవరో కాళ్ళ నొప్పులకు చెప్పిన చిట్కా వచ్చింది. రంగం మాత్రం రాలేదు. పక్కనే కూర్చుని ఆశగా చూస్తున్న పిన్నిగారు, "చూశావా, దానికి కూడా తెలీదంట," అని లేచిపోయారు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే మరి!

ఆ తర్వాత రోజులు బాగా లేవు. ఒక పెళ్ళివారు ఉప్పాడ చీర తాలూకు జాకెట్టు ముక్క ఇస్తే, సుద్దగీత పక్కనుంచి కత్తెర పోనిచ్చి పాడుచేశారు. అంతకుముందు ఆవిడ చేతిలో గుడ్డ చెడటం నేను చూడలేదు. కుట్టేటప్పుడు తనలో తను ఏవో అర్థం కాని మాటలు గొణుక్కుంటున్నారు కూడా. కొడుకు ప్రసాద్ మండపేటలో రైసు మిల్లులో సూపర్‌వైజరు. చెడ్డవాడు కాదు. తల్లిని చూసి హడలిపోయాడు. "అక్కా, అమ్మకి మతి తప్పుతోంది. కాకినాడలో డాక్టరుకి చూపిస్తాను. ఆయన ఔనంటే కొట్టు మూసేసి మా ఇంటికి తీసుకుపోతాను. ఇంక కత్తెర ముట్టుకోనివ్వను," అన్నాడు. కత్తెర ముట్టుకోకపోతే ఆవిడ నాలుగు నెలలు కూడా బతకరని నాకు తెలుసు. తోడు వస్తానని నేనూ బయలుదేరాను.

దారిపొడుగునా ఆవిడని బతిమాలుకున్నాను. "పిన్నిగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, అక్కడ రంగం మాట ఎత్తకండి."

"ఎత్తనులేవే," అన్నారు.

డాక్టరు నెమ్మదైన మనిషి. ఊరేదని, ఇవాళ ఏ వారమని, పొద్దున్న ఏం తిన్నారని అడిగారు. అన్నిటికీ పిన్నిగారు టకటకా జవాబులు చెప్పారు. ఇడ్లీలో ఉప్పు తగ్గిందని కూడా చెప్పారు. నా ప్రాణం కుదుటపడుతోంది. అప్పుడాయన మామూలుగా, "అమ్మా, వారానికి ఎన్ని రోజులు?" అన్నారు.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇక్కడైతే ఏడండి. నేను పుట్టిన చోట ఎనిమిది," అన్నారు పిన్నిగారు.

ప్రసాద్ తల పట్టుకున్నాడు. "ఇదేనండీ! చిన్నప్పటినుంచీ ఇంతేనండీ, ఇప్పుడు మరీ ఎక్కువైందండీ!" డాక్టరు ఏదో రాసుకోబోయారు. నాకు ఎక్కడ లేని తెగువ వచ్చేసింది. లేచి నిలబడి, "డాక్టరుగారూ, ఆగండి! మీరు మీ టేపుతో కొలిచేస్తున్నారు," అన్నాను. ఆయనకేం అర్థమవుతుంది పాపం! "ఆవిడ పుట్టింది బర్మాలో అండి. బర్మా అని, వారానికి ఎనిమిది రోజులని ఇంగ్లీషులో ఒక్కసారి కొట్టి చూడండి. అందులో లేకపోతే మీరేం రాసుకున్నా సరే," అన్నాను. నా ఫోనులో తెలుగులో రానిది అక్కడ ఇంగ్లీషులో కూడా రాకపోతే, ఆవిడని నా చేతులతో నేనే ముంచినట్టు.

ఆయన నన్నొకసారి చూసి, బల్లమీది కంప్యూటరులో కొట్టారు. చదువుతూ చదువుతూ ముందుకు వంగారు. "భలే ఉందే!" అన్నారు. "బుధవారం పొద్దున ఒకటి, మధ్యాహ్నం నుంచి ఒకటి. మొత్తం ఎనిమిది. ఒక్కో దానికి ఒక జంతువు. ఇదేంటి, ఏనుగుకి దంతాలు లేవు?" అని తెర మావైపు తిప్పారు.

అమ్మయ్య! తల పట్టుకున్న ప్రసాద్ చేతులు దించేశాడు. పిన్నిగారు కుర్చీలోంచి లేచి, బల్లమీదికి వంగి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా మొహం పెట్టి ఆ ఏనుగును చూశారు. ఒక కన్ను మూసి చూశారు, మళ్ళీ ఇంకో కన్ను మూసి చూశారు. "ఇదేనే పద్మా. మా అమ్మ నన్నెత్తుకుని దీనిమీద నీళ్ళు పోయించేది. నాదీ బుధవారం మధ్యాహ్నమే," అన్నారు. ఇన్నేళ్ళలో ఆ ముక్క ఎప్పుడూ నాతో చెప్పలేదు. తన రోజునే నాకు పంచి ఇచ్చారన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరు బొమ్మను వదిలేసి ఆవిడనే చూస్తున్నారు. "అమ్మా, మీకు ఎన్నాళ్ళుగా ఇంత దగ్గరికి వస్తే గానీ కనపడటం లేదు?" అన్నారు. టార్చి వేసి చూశారు. "మతికేం ఢోకా లేదు. కళ్ళకి శుక్లాలు. ముందు అవి తీయించండి," అన్నారు. ఆ గొణుగుడు సంగతి ప్రసాద్ అడిగితే పిన్నిగారే కసిరారు. "కుట్లు లెక్కపెట్టుకుంటానురా. మా అమ్మ మిషను నేర్పింది అక్కడే. లెక్క ఆ భాషలోనే వస్తుంది, నేనేం చెయ్యను?" బయటికి వచ్చాక ప్రసాద్ ఒక చెట్టుకింద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అమ్మా, నాన్న కూడా నిన్ను ఊరుకోబెట్టడానికే ఔననేవాడు అనుకున్నానే," అన్నాడు. ఆవిడ కొంగుతో వాడి మొహం తుడిచి, "ఆకలేస్తోందిరా, ఎక్కడైనా ఆగుదాం," అన్నారు.

రంగం మాట ఎత్తనని నాకు మాటిచ్చి మరీ ఎందుకలా అన్నారని బండిలో అడిగాను. "నేనెత్తలేదే. ఆయన అడిగాడు. అడిగితే అబద్ధం చెప్పనా?" అన్నారు.

ఆపరేషను అయ్యాక మా సాయంత్రాలు మళ్ళీ కళకళలాడాయి. ఇంగ్లీషులో ఏం కొట్టాలో ఇప్పుడు నాకు తెలిసింది. కాలితో తెడ్డు వేసే జాలరి కనిపించాడు. ఊరబెట్టిన టీ ఆకూ కనిపించింది. జాలరి వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని, చివరికి, "ఆ లుంగీ కుట్టు పక్కకి పోయింది చూడు," అన్నారు! కళ్ళు అంత బాగా వచ్చాయి మరి. కోతల పిన్నిగారు అన్నవాళ్ళే వచ్చి, "మాకూ చూపించండీ," అని స్టూలు లాక్కుని కూర్చునేవాళ్ళు. ఒక్కటి మాత్రం నాకు దొరకలేదు. రంగంలో వాళ్ళ నాన్నగారి బట్టల కొట్టులో ఒక చిలక ఉండేదని, తెలుగువాళ్ళు వస్తే 'దయచేయండి' అని, బర్మావాళ్ళు వస్తే వాళ్ళ భాషలో పలకరించేదని చెప్పేవారు. "చిలకను ఎలా వెతకమంటారండీ?" అన్నాను.

పిన్నిగారు పగలబడి నవ్వారు. "అది మాత్రం కోతేనే! అన్నీ నిజాలని తేలిపోతే నా కొట్టుకి ఇంకెవరొస్తారు?"

ఆ తర్వాత చాలా కాలం ఆమె కుడుతూనే ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, ఉప్పాడ చీరల జాకెట్లు కూడా తప్పుపోకుండా కత్తిరించారు. ఒకరాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు. బాధపడ్డాను గానీ, తనమీద తనకు అనుమానం లేకుండా వెళ్ళారన్న నిశ్చింత నాకు ఇప్పటికీ ఉంది. కొట్టు నాకు అప్పజెప్పమని ప్రసాద్‌కి ముందే చెప్పారట.

మా రోడ్డులో అన్ని కొట్లకీ ఆదివారం సెలవు. నాకు బుధవారం మధ్యాహ్నం. షట్టరు సగం దించి నా పని నేను చూసుకుంటాను. ఇవాళ బుగ్గకు ఆ పూతతో కూర్చుని ఉండగా, పెళ్ళి జాకెట్ల కోసం కొత్తావిడ ఒకామె వంగి లోపలికి తొంగిచూసింది. "ఆదివారం తీసి, బుధవారం మూస్తారేంటండీ?"

"ఇది బుధవారం కాదండి. పొద్దుటితో బుధవారం అయిపోయింది. ఇది వేరే రోజు," అన్నాను.

ఆవిడ నా మొహం వైపు, ఆ పూత వైపు ఎగాదిగా చూసి, నవ్వాపుకోలేక, "భలే కోతలు కోస్తారండీ మీరు!" అంది.

ఎంత హాయిగా అనిపించిందో ఆ మాట! చూపిద్దామని ఫోను తీయబోయాను. తీసి, మళ్ళీ డ్రాయరులో పెట్టేశాను. భీమారావు గారి స్టూలు ముందుకు జరిపి, "కూర్చోండి, చెప్తాను," అన్నాను.