నీళ్లలోంచి ఊపిన చేయి

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు అమెరికాలో, శాన్ రామన్‌లో ఉండేవాళ్లం. పక్కింటి బాబ్‌గారికి తొంభై దాటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడలకు కాపలాగా వెళ్లే చిన్న యుద్ధనౌకలో పనిచేశారాయన. మా అమ్మాయి ఆయన్ని బాబ్ తాత అని పిలిచేది.

ఒక ఆదివారం ముగ్గురం కమ్యూనిటీ పూల్‌కి వెళ్లాం. లోతు వైపు ఈదుతున్న మా అమ్మాయి, "బాబ్ తాతా, లుక్" అంటూ ఆయనకేసి చేయి ఊపింది. ఆయన దిగ్గున లేచి బూట్లతోనే నీళ్లలోకి దిగేశారు. మరుక్షణం మునిగిపోయారు. లైఫ్‌గార్డ్, నేనూ కలిసి అతికష్టం మీద ఒడ్డుకి లాగాం.

మా అమ్మాయి ఈదుకుంటూ వచ్చి పక్కన కూర్చుంటే, తన చేయి గట్టిగా పట్టుకుని వదల్లేదాయన.

"తనకేం కాలేదు, సరదాగా పిలిచిందంతే" అన్నాను ఇంగ్లీషులో.

"ఓడ మునిగినవాళ్లు నీళ్లలోంచి ఇలాగే ఊపేవారు. ఆగితే శత్రువుల సబ్‌మెరీన్ మమ్మల్నీ ముంచేస్తుంది. ఆగొద్దని ఆర్డర్" అన్నారు.

"మరి మీరేం చేశారు?" అనడిగాను.

"నేనూ చేయి ఊపాను. వస్తున్నామనుకుని వాళ్లు నవ్వారు."

ఆ ఏడాది చలికాలంలోనే ఆయన పోయారు. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో స్విమ్మర్. పోటీలో గెలిచినా సరే, నీళ్లలో ఉండగా ఎవరికీ చేయి ఊపదు.