సర్వర్ గదిలో పలక

ఆ గది చల్లదనం ఇప్పటికీ నా ఒంటికి గుర్తే. మార్కాపురంలో మా ఇంజనీరింగ్ కాలేజీ మొత్తానికీ ఏసీ ఉన్నది రెండే చోట్ల: ప్రిన్సిపాల్ గదిలో, మా సర్వర్ గదిలో. ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చొని అన్నం తినే ధైర్యం ఎవరికుంది? ఏప్రిల్ వచ్చిందంటే లెక్చరర్లు, లైబ్రేరియను, ప్రాజెక్టు పనుల మీద వచ్చే పిల్లలు, అందరూ క్యారేజీలు పట్టుకొని మా గదికే. తాళం మామ దగ్గర ఉండేది. మామంటే మా అటెండరు, సాయిబుల పెద్దాయన. పలకల కార్ఖానాలో చెక్క ఫ్రేములు బిగించి బిగించి, అది మూతపడ్డాక కాలేజీలో చేరాడు. "ఎండన పడి వచ్చినోళ్ళను పొమ్మంటే పాపం తగుల్తదమ్మా" అనేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? నా గోంగూర పచ్చడి డబ్బా కూడా అక్కడే తెరిచేదాన్ని.

ఆ గదిలో ఉన్నది ఒక్కటే పెద్ద సర్వర్, దాన్ని చూసుకునే ఉద్యోగం నాది. దాని లోపల పది కంప్యూటర్లు విడివిడిగా ఉన్నట్టు నడిపేవాళ్ళం: మార్కులకొకటి, హాజరుకొకటి, లైబ్రరీకొకటి. ఒకే ఇంట్లో పది వాటాలన్నమాట. ఏ వాటా తాళం ఆ వాటాదే, కానీ ఇంటి ఓనరు తాళంచెవి దొరికితే పది గదులూ తెరుచుకుంటాయి. ఆ ఓనరు తాళంచెవి పెద్ద సర్వర్ పాస్‌వర్డు. అది నాకొక్కదానికే తెలుసని నాకు భలే గర్వంగా ఉండేది.

కరెంటు పోయి సర్వర్ ఆగితే ఆ పాస్‌వర్డు కొట్టే లేపాలి. నేను గిద్దలూరులో మా అమ్మ దగ్గరికి పోయిన రోజుల్లో ఎట్లా? కాగితం మీద రాయడానికి భయం. మామే ఉపాయం చెప్పాడు.

"పలక మీద రాసిపోమ్మా. బీరువాలో పెట్టి తాళమేస్తా. నువ్వు రాంగనే తుడిచేస్తా."

పలక ఆయనే తెచ్చాడు. ఇంగ్లీషు అక్షరం ఆయనకు రాదు, కరెంటు పోతే పలక మీది ఆకారం చూసి కీబోర్డు మీద అట్లాంటిదే వెతికి నొక్కుతాడు; అంతకంటే భద్రం ఏముందిలే అనుకున్నాను. బలపం గట్టిగా ఒత్తి రాసేదాన్ని; నాది మాటా అంతే, చేతా అంతే. నేను తిరిగి రాగానే మామ తడిగుడ్డతో తుడిచేసి, ఖాళీ పలకను గోడకు తగిలించేవాడు. నేను పాస్‌వర్డు మార్చేదాన్ని. మార్చడమంటే చివరి అంకె ఒక్కటే. బద్ధకం, మరేం కాదు.

ఒక సోమవారం పొద్దున చూస్తే పిల్లల ఇంటర్నల్ మార్కులు మారిపోయి ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం ఆ గదిలోని కీబోర్డు నుంచే, సరైన పాస్‌వర్డుతో ఎవరో పెద్ద సర్వర్‌లోకి దూరినట్టు లాగ్‌లో, అంటే సర్వర్ తనంతట రాసుకునే చిట్టాలో, ఉంది. దానికి ముందు నాలుగు తప్పు ప్రయత్నాలు కూడా ఉన్నాయి. కోపంలో అవి నా కంటికి ఆనలేదు. ప్రిన్సిపాల్, లెక్చరర్లు అందరూ చూస్తుండగా కారిడార్‌లోనే మామ మీద విరుచుకుపడ్డాను.

"బీరువా తీసి ఎవరికి చూపిచ్చినావు మామా?"

"నేనెవరికీ చూపియ్యలేదమ్మా."

"మరి పలకే నడిచిపోయి చెప్పిందా ఏంది?"

ఆయన తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. సాయంత్రానికి సంగతి తేలకపోతే రేపటి నుంచి రావద్దని ప్రిన్సిపాల్ ఆయనకు చెప్పేశాడు. ఆ ఇంట్లో సంపాదన ఆయనదొక్కటే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం మామ నన్ను సర్వర్ గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. గోడ మీది పలక తీసి, కిటికీ వెలుగుకు వాలుగా పట్టాడు. అయ్యో రామా! నల్లరాతి మీద నా అక్షరాలన్నీ సన్నని గీతలుగా కనబడుతున్నాయి. మారుస్తూ వచ్చింది చివరి అంకె ఒక్కటే కాబట్టి, అక్కడ మాత్రం అంకె మీద అంకె పడి గజిబిజి. క్యారేజీ విప్పుకొని ఆ పక్కన కూర్చున్న ఎవరైనా చదువుకోవచ్చు, నాలుగు అంకెలు కొట్టి చూసి ఐదోదానికి లోపలికి పోవచ్చు.

"బలపం గట్టిగ ఒత్తితే రాయి గీరుకపోతది. ముప్పై ఏండ్లు పలకలు చేసినోణ్ణి, నాకన్నా తట్టలేదు చూడు. తప్పు నాదేనని సార్‌తో చెప్తాలేమ్మా. నీకు పేరు పోగూడదు."

నాకు ఏడుపు ఆగలేదు. నేరుగా ప్రిన్సిపాల్ గదికి పోయి, తలుపేసి, తప్పు నాదని అంతా చెప్పాను. నాకు మెమో వచ్చింది, మామ ఉద్యోగం నిలిచింది. రెండు రోజులకు ఫైనలియర్ పిల్లవాడొకడు తానే చేశానని ఒప్పుకున్నాడు. ఆ వారమే ఎవరి లాగిన్ వాళ్ళకు పెట్టాను, మూడుసార్లు తప్పు కొడితే మూసుకుపోయేట్టు చేశాను, గదిలోకి క్యారేజీలు బంద్ చేశాను. చేయాల్సిన పనే అది. కానీ ఆ మధ్యాహ్నాలు, ఆ పరాచికాలు, ఒకరి పచ్చడి ఇంకొకరు లాక్కుని తినడం, అన్నీ దాంతోనే పోయాయి. ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

తాళాల గుత్తి మళ్ళీ మామ చేతికి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.

"సార్‌కు అంతా చెప్పినా గదా మామా."

"చెప్పినావమ్మా. అరిచింది మాత్రం అందరి ముందర. చెప్పింది తలుపేసుకోని."

రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. నన్ను అమ్మా అనే పిలిచాడు, టీ తెచ్చి ఇచ్చాడు. ఆ గుత్తి మాత్రం ముట్టలేదు. నలుగురిలో నా పరువేం కావాలని ఒక రోజు, ఇంత పాతబడ్డాక ఇప్పుడెందుకులే అని ఇంకో రోజు, అట్లా దాటేస్తూ వచ్చాను. ఆ కారిడార్‌లో నిలబడి, తప్పు మామది కాదని ఒక్కసారి గట్టిగా అంటే సరిపోయేది. అనలేదు.