కార్బురేటరూ కందనకాయా

కొత్త రబ్బరుకి ఒక వాసన ఉంటుంది. బడి తెరిచిన వారంలో పిల్లల కొత్త చెప్పుల దగ్గర వచ్చే వాసన. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక, సఖినేటిపల్లిలో మా అత్తవారింటి వసారాలో చాప పరుచుకుని, అమలాపురంలో కొన్న చిన్న ప్లాస్టిక్ సంచీ చింపగానే ఆ వాసన గుప్పుమంది. లోపల ఉన్నది అరచేతిలో పట్టే నల్లటి రబ్బరు పొర. డయాఫ్రమ్ అంటారు. మోటారుసైకిలు కార్బురేటరులో పైమూత కింద ఉంటుంది. ఇంజను గాలి లాగినప్పుడు అది పైకి లేస్తేనే పెట్రోలు సరిగా అందుతుంది. చిల్లు పడిందంటే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి మూలుగుతుందే తప్ప పరుగెత్తదు. ఆ వాసనకి నాకు మరేదైనా గుర్తు రావచ్చు. రత్నరాజుగారు గుర్తొచ్చారు. ఆయన గుర్తురాగానే ఎప్పటిలాగే కొంచెం ఒళ్ళు మండింది.

రత్నరాజుగారు నా తోడల్లుడు. మా ఆవిడ అక్కగారి భర్త, ఆ ఇంటి పెద్దల్లుడు. నేను రెండో అల్లుణ్ణి. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు, నేను బ్యాంకులో ఆఫీసర్ని. ఉద్యోగం చూసినా, ఒడ్డూ పొడుగూ చూసినా నేనే ఒక పిసరు పైన ఉంటానని నా అభిప్రాయం. ఆ ఇంట్లో ఆ అభిప్రాయం నాకొక్కడికే ఉండేది. భోజనానికి ముందు ప్రార్థన ఆయన్నే చెయ్యమనేవారు. మావయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు. ఎవరి మాటా ఒక పట్టాన వినని మనిషి, కొబ్బరితోట కౌలు దగ్గర్నుంచి తన కంటి ఆపరేషను దాకా పెద్దల్లుణ్ణే అడిగేవారు. అన్నిటికన్నా నన్ను కాల్చుకు తిన్నది కందనకాయ. కోడికి కందనకాయ ఒకటే ఉంటుంది. ఆదివారం కూర వడ్డించేటప్పుడు అత్తయ్యగారు గరిటెతో గిన్నెంతా గాలించి, దాన్ని పట్టుకుని, మావయ్యగారి కుడిపక్క కుర్చీలో కూర్చున్న రత్నరాజుగారి కంచంలో వేసేవారు. నాకు కాలు వేసేవారు. కాలు పెద్ద ముక్కే, కాదనను. కాని కాళ్ళు రెండుంటాయి.

మావయ్యగారి మోటారుసైకిలు సంగతి చెప్పాలి. రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్నారు. దాన్ని రేవు దాకా నడిపి, పంటు మీద ఎక్కించుకుని గోదారి దాటి నర్సాపురం వెళ్ళి, సరుకులేమైనా ఉంటే తెచ్చేవారు, లేకపోతే టీ తాగి వచ్చేవారు. దాని మీద మెకానిక్కు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. పెద్దల్లుడు వెయ్యవచ్చు. నాకు పెళ్ళయిన ఏడాదే అది రేవు గట్టు ఎక్కనని మొరాయించింది. రత్నరాజుగారు లుంగీ కట్టుకుని వసారాలో కూర్చుని మూత విప్పారు. లోపలి రబ్బరు తీసి, రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా సాగదీసి, ఎండకి ఎదురుగా పట్టుకున్నారు. నల్లటి రబ్బరులో సూదిమొనంత వెలుగు కనబడింది. “చూసేరా తమ్ముడుగారూ. ఎక్కడా కనపడని చిల్లు ఎండకి పెడితే చెప్పేస్తది,” అన్నారు. చూడ్డానికి వంగినవాణ్ణి, నాకు తెలియకుండానే పక్కన చతికిలబడ్డాను. అలా కూర్చున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

కాని ఆవేళ నాకొక పండగ జరిగింది. అప్పటికప్పుడు తెప్పించిన కొత్త రబ్బరుకి దుమ్ము అంటిందని ఆయన దాన్ని పెట్రోల్లో కడిగారు. పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. అది ఉబ్బిపోయి, అంచు గాడిలో ఎంతకీ కూర్చోదు. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది. పెద్దల్లుడుగారి చెమట చూసి నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇప్పుడు మావయ్యగారికి ఏం చెబుతారో చూద్దామని ముందే వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన వచ్చి, ఇంకా ఎవరూ అడక్కముందే, “నేనే పాడుచేసేనండి మావయ్యగారూ. పెట్రోల్లో ముంచకూడదు, ముంచేను. నీడని ఆరబెట్టేను, చూద్దారి,” అన్నారు. మర్నాటి వాతావరణం చెప్పినంత మామూలుగా అన్నారు. నేనయితే కంపెనీని తిట్టేవాణ్ణి, కొట్టువాణ్ణి తిట్టేవాణ్ణి. మావయ్యగారు తల ఊపి ప్రార్థన చెయ్యమన్నారు. అత్తయ్యగారు పాపం పొద్దుట్నుంచీ కష్టపడ్డారంటూ కందనకాయ వేశారు. బండి పాడుచేసినా కందనకాయే. సాయంత్రానికి రబ్బరు మళ్ళీ తన కొలతకి వచ్చింది, బండీ కదిలింది. మనుషులు మంచిపని చేసి మెప్పు పొందడం నాకు తెలుసు. తప్పు కూడా నాకన్నా బాగా చేసే మనిషిని అప్పుడే చూశాను. తరవాత బ్యాంకులో ఒకసారి నావల్ల పొరపాటు జరిగినప్పుడు మేనేజరు పిలవకముందే లేచి వెళ్ళి, నేనే చేశానండి అన్నాను. గొంతు కూడా ఆయనలాగే పెట్టానని బయటికి వచ్చాక తెలిసి సిగ్గేసింది.

కొన్నేళ్ళకి ఆ రబ్బరు మళ్ళీ చిరిగింది. ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. నేను ఇస్త్రీ చొక్కాలో ఉన్నాను కనక, ఆయన విప్పి ఇచ్చిన స్క్రూలు చేతిరుమాలులో వరసగా పెట్టుకుంటున్నాను. అంతకుమించి నేను చేసింది ఏమీ లేదు. ఆయన కొత్త రబ్బరుని పొడిగుడ్డతో తుడిచి, అంచుని గాడిలో చుట్టూ వేలితో నొక్కి, మూత పెట్టారు. బండి మొదటి కిక్కుకే అందుకుంది. మావయ్యగారు బయటికి వచ్చి, ఎవరు చేశారని అడిగారు.

“తమ్ముడుగారేనండి,” అన్నారు రత్నరాజుగారు. “నేను పక్కన కూర్చున్నానంతే.”

కాదనడానికి నోరు తెరిచాను. మావయ్యగారు నా భుజం తట్టారు. పెళ్ళయ్యాక ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. నోరు మూసుకున్నాను. ఆవేళ కందనకాయ నా కంచంలో పడింది. నములుతున్నంతసేపూ ఎదురుగా ఆయన కాలు తింటూ కనబడుతున్నారు, హాయిగా. నాకు అది మింగుడుపడలేదు. మెప్పు వస్తే తీసుకోవడానికి నేను అంత పాకులాడుతుంటే, ఆయన దాన్ని అరటిపండులా చేతిలో పెట్టేశారు. ఇవ్వగలిగేంత ఆయన దగ్గర ఉంది, అదీ నా మంట.

పోయినేడు వానలకి ముందు రత్నరాజుగారు గుండెపోటుతో పోయారు. నేను ఏడ్చాను. ఇంత ఏడుస్తానని మా ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. పన్నెండేళ్ళపాటు ఏ చొక్కా వేసుకున్నా, ఏ ప్రమోషను వచ్చినా, ఆయన చూస్తారని లోపల ఒక లెక్క ఉండేది. ఇప్పుడు ఎవరు చూడాలి? ఈర్ష్యపడ్డానికి ఎదురుగా మనిషి లేకపోతే ఆదివారాలు కూడా చప్పగా ఉన్నాయి.

బండి అప్పట్నుంచీ వసారాలోనే నిలబడి ఉంది. మొన్న నేను మూత విప్పి, పాత రబ్బరు ఎండకి పట్టుకుంటే చిన్న చిన్న వెలుగులు చాలా కనబడ్డాయి. కొత్తదానికి పెట్రోలు తగలనివ్వలేదు. పొడిగుడ్డతో తుడిచాను. చుట్టూ వేలితో నొక్కాను. పక్కన చిన్నల్లుడు కిరణ్, మా ఆవిడ ఆఖరి చెల్లెల్ని కొత్తగా పెళ్ళి చేసుకున్నవాడు, తెల్లచొక్కాలో నిలబడి చూస్తున్నాడు. బండి అందుకుంది. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి చూశారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆయన చేసిన ఆ పెద్దమనిషితనం మాత్రం ఆయనొక్కడికే ఎందుకు దక్కాలి?

“కిరణే చేసేడండి అత్తయ్యగారూ. నేను పక్కన కూర్చున్నానంతే,” అన్నాను.

అత్తయ్యగారు కిరణ్ చేతులు చూశారు. తరవాత నా చేతులు చూశారు. “ఆయ్, అలాగేనండి,” అన్నారు. “చిన్నల్లుడుగారి చేతులు మల్లెపూలలా ఉన్నాయి. ఆవేళ మీయీ అలాగే ఉన్నాయండి.”

నాకు ఏ వేళో అడగనక్కర్లేకపోయింది. మరి కందనకాయ నాకెందుకు వేశారని మాత్రం అడిగాను.

“పెద్దల్లుడుగారు చెప్పేరు కదండీ. కాదంటే ఆయన చిన్నబుచ్చుకోరూ?” అని లోపలికి వెళ్ళిపోయారు.

అంటే నాకు దక్కిన ఆ ఒక్క ముక్క కూడా ఆయన మొహం చూసి వేసిందే. మావయ్యగారి చెయ్యి కూడా అలాగే పడిందేమో, అడగడానికి ధైర్యం చాల్లేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి కుడిచెయ్యి సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాను. ఎడమచెయ్యి కడుక్కోలేదు. గోళ్ళ నిండా నలుపుతో, మణికట్టు దాకా మరకలతో దాన్ని బల్ల మీద అందరికీ కనబడేటట్టు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ కళ్ళతో కసిరింది. నేను తియ్యలేదు.

అత్తయ్యగారు గిన్నె తెచ్చి గరిటెతో గాలించారు. కందనకాయ దొరికింది. గరిటె పైకి లేచి, మావయ్యగారి కుడిపక్క ఖాళీ కుర్చీ వైపు వెళ్ళి, అక్కడ ఆగింది. అత్తయ్యగారు ఒక్క క్షణం అలాగే నిలబడి, నా చెయ్యి చూసి, ముక్క నా కంచంలో వేశారు. తిన్నాను. ఉప్పూ కారం పట్టి బాగానే ఉంది. కాని గరిటె ముందు ఎటు వెళ్ళిందో నేను చూశాను.