‘ఏం చేశావ్?’ అని అడగని టీచర్

ఈ రోజు పొద్దున నా లాప్‌టాప్ మీట నొక్కితే లోపలి ఫ్యాను గుర్రుమని ఒకసారి తిరిగి ఆగిపోయింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది కానీ తెర మాత్రం నల్లగానే ఉంది. మళ్లీ నొక్కాను. మళ్లీ గుర్రు, మళ్లీ నిశ్శబ్దం. వంటింట్లోంచి మా ఆయన తల బయటపెట్టి, “ఏం చేసినవ్ దానికి?” అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేనేం చేస్తాను? రోజూ నొక్కినట్టే నొక్కాను. పొద్దున్నే లేచి దాని పీక పిసుకుదామని ఎవరైనా అనుకుంటారా? కాసేపు కుస్తీ పట్టాక ఎలాగో లేచిందిలెండి, ఆ సంగతి అలా ఉంచండి. ఆ కుస్తీ సాగినంతసేపూ నాకు రాజ్యలక్ష్మి టీచర్ గుర్తొస్తూనే ఉన్నారు. జీవితంలో నన్ను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగని మనిషి ఆవిడ. అంతగా విసిగించిన మనిషి కూడా ఆవిడే.

నేరేడ్‌మెట్‌లో మా పక్క సందులో ఉండేవారు. నాకు బడిలో లెక్కలు చెప్పింది ఆవిడే. తక్కిన టీచర్లు లెక్క తప్పితే తప్పెక్కడో చూపించి, నెత్తిన ఒక మొట్టికాయ వేసి పంపేవారు. ఆ పద్ధతే నాకు హాయిగా ఉండేది. ఈవిడ అలా కాదు. తొమ్మిదో తరగతిలో ఒకసారి బోర్డు మీద నా లెక్క ఎటో పోయింది. ఆవిడ కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నారు.

“ఎట్ల మొదలుపెట్టినవో చెప్పు,” అన్నారు.

“తప్పెక్కడుందో మీకు తెలుసు గద టీచర్, చెప్పేయరాదు,” అన్నాను.

“నాకు తెలిస్తే ఏమొస్తది బిడ్డా? చెప్పు. ఒక్కటి సుత ఇడిసిపెట్టకు.”

చెప్పాను. క్లాసంతా నవ్వుతుంటే ప్రతి వరసా చదివి వినిపించాను. అన్నం గంట కొట్టారు, అందరూ డబ్బాలు తీసుకుని బయటికి పోయారు, మేమిద్దరం మాత్రం ఆ బోర్డు దగ్గరే ఉన్నాం. చివరికి ఒకచోట మైనస్ గుర్తు మింగేసినట్టు నాకే కనపడింది. ఆ క్షణంలో నాకు జ్ఞానోదయం ఏమీ కాలేదు, ఆకలి మాత్రం దంచేసింది. ఆవిడ మీద కోపం ఇంటికి వెళ్లేదాకా తగ్గలేదు.

లెక్కల్లో నేను బాగుపడలేదు. పెద్దయ్యాక ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగుల కంప్యూటర్లు మొరాయిస్తే ఫోన్లో దారి చెప్పడం నా పని. దాంతో మా కాలనీ మొత్తానికి నేను ఊరుమ్మడి మెకానిక్కునైపోయాను. టీవీ రిమోటు దగ్గర నుంచి ఇన్వర్టరు దాకా ఏది మూలిగినా అనితను పిలవండి అనేవారు. వీళ్లందరితో ఎలాగో నెగ్గుకొచ్చేదాన్ని. వెళ్లడం, నాలుగు మీటలు నొక్కడం, టీ తాగి రావడం. టీచర్‌తో ఆ సుఖం కూడా లేదు.

రిటైరయ్యాక ఆవిడ లాప్‌టాప్ కొన్నారు. చదువు మధ్యలో ఆపేసి, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టినవాళ్లకు వీడియోలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. చేతిలో ఉన్నది బటన్ల ఫోను కాబట్టి పాఠం చెప్పాలంటే ఆ లాప్‌టాపే దిక్కు. మొదటిసారి అది మొండికేసినప్పుడు వెళ్లి, అలవాటుగా దాని మీద చెయ్యి వేశాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టారు.

“చెయ్యి తియ్యి. నోటితోని చెప్పు, నేనే నొక్కుత.”

“టీచర్, నాకు ఒక్క నిమిషం పని. మీకు చెప్పాలంటే పూటంతా పడ్తది.”

“పడనీయ్. నువ్వు నొక్కితే నీకొస్తది. నాకెప్పుడొస్తది?”

నిజంగానే పూటంతా పట్టింది. ఫలానా మీట నొక్కండి అంటే ఎందుకు అనేవారు. ఆపి మళ్లీ పెట్టండి అంటే, ఆపితే లోపల ఏమవుతుంది అనేవారు. నేను మా ఆఫీసులో గొప్పగా వాడే మాటలన్నీ ఆవిడ ముందు ఒక్కొక్కటే విప్పి చెప్పాల్సి వచ్చింది. విప్పుతుంటే వాటిలో సగం నాకే సరిగ్గా తెలియవని బయటపడేది, ఆవిడ కళ్లద్దాల మీదుగా చూసేవారు. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచేదాన్ని.

ఇక దసరా మర్నాటి సంగతి. నేను ఇంట్లోనే ఆఫీసు పని చేసుకుంటున్నాను. పొద్దున్నే టీచర్ ఫోన్ చేశారు. లాప్‌టాప్ లేవడం లేదట. పదకొండింటికి స్వప్నకు ఆఖరి క్లాసు ఉంది, మర్నాడే ఆ పిల్లకు లెక్కల పరీక్ష. స్వప్న అంటే బోయిన్‌పల్లి మార్కెట్లో అత్తవారి కూరగాయల దుకాణంలో పనిచేసే అమ్మాయి. తెల్లవారకముందే మార్కెట్, తర్వాత ఇల్లు, మధ్యలో దొరికిన కాస్త తీరికలో ఈ చదువు. లెక్కల్లో అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేసేలా ఉందని టీచర్ కొన్నాళ్లుగా బెంగపెట్టుకున్నారు.

“నేనొస్తా టీచర్, పది అడుగులే గద,” అన్నాను.

“నువ్వు రాకు. వస్తే చెయ్యి పెడ్తవ్. చెప్పు.”

మొదలుపెట్టాను. చార్జర్ వేరే చోట పెట్టండి అన్నాను, పెట్టారు. ఆ ప్లగ్గులో ఫ్యాను పెట్టి చూడండి అన్నాను, ఫ్యాను తిరిగింది. మీట గట్టిగా చాలాసేపు నొక్కి పట్టుకోండి అన్నాను. ఎందుకని అడిగారు. లోపల మిగిలిన కరెంటు పోవడానికి అన్నాను. ఆ కరెంటు ఎక్కడ మిగులుతుంది అని అడిగారు. నా ఆఫీసు కాల్స్ రెండు తప్పిపోయాయి. గడియారం పదింటి వైపు పోతోంది.

“అసలు దానికేం చేసిన్రు టీచర్?” అనేశాను.

“నేనేం చేస్త? ఏం చెయ్యలే.”

“వైరు గుంజిన్రా? కింద పడ్డదా? నీళ్లు గిట్ల పడ్డయా?”

“లేదంటి గద, ఏం చెయ్యలే.”

ఆవిడకు రోషం వచ్చింది. నేనెన్ని అడిగినా ఇక ‘లేదు’ తప్ప వేరే మాట రాదని అర్థమైంది. తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు, నా తెలివి అని చెప్పుకోను, విసుగులోంచి ఒక మాట వచ్చింది.

“సరే టీచర్. దాని సంగతి ఇడిసిపెట్టండి. నిన్న పండుగ ఎట్ల జరిగిందో చెప్పండి. పొద్దున లేచినకాడికెల్లి.”

ఆవిడ గొంతు వెంటనే తెరిపిన పడింది. తలంటు పోసుకున్న సంగతి, పిండివంటలు, చెల్లెలు పంపిన చీర, అన్నీ వచ్చాయి. ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు. నేను గడియారం చూసుకుంటూ పళ్లు నూరుకుంటున్నాను. “అటెన్క పూజ. కుట్టుమిషనుకు, లాప్‌టాప్‌కు పసుపు, గంధం, కుంకుమ పెట్టిన. పని చేసేది గద, పెట్టకుంటే ఎట్ల?”

“ఎక్కడ పెట్టిన్రు టీచర్?”

“మూతకు నాలుగు దిక్కుల. ఇగ పక్కకు, వైరు గుచ్చుతం సూడు, ఆ సందుల జెరంత ఎక్కువనే పెట్టిన. అది తిండి తినే నోరు గద దానికి.”

ఆ నోరు గంధంతో పూడుకుపోయి, ఎండి గట్టిపడి, కరెంటు లోపలికి పోక బ్యాటరీ ఖాళీ అయిపోయింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. పూజ చెయ్యడం ఆవిడ దృష్టిలో దానికేదో చెయ్యడం కాదు. నేనిక ఆగలేక పరుగెత్తాను. అక్కడ కూడా నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. వైరు తీసి, పొడి బ్రష్షుతో, అగ్గిపుల్లతో ఆవిడే మెల్లగా గీకుతుంటే, నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. వైరు మళ్లీ పెట్టాక పక్కన చిన్న దీపం వెలిగింది. పదకొండు దాటాక క్లాసు తెరుచుకుంది.

తెర మీద స్వప్న కళ్లు ఉబ్బి ఉన్నాయి. “పొద్దున ఫోన్ల లాప్‌టాప్ ఖరాబైందంటిరి గద టీచర్, ఇగ నా రాత గింతే అనుకున్న. రేపు పోవొద్దనుకుంటున్న,” అంది.

“రాత కాదే, గంధం,” అన్నారు టీచర్. చేతిలో పలక పట్టుకుని ఉన్నారు. ఇక లెక్క రాస్తారు అనుకున్నాను. పలక ఒళ్లో పెట్టుకుని, “ఏమైందో చెప్పు,” అన్నారు.

ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. మార్కెట్లో అందరూ ‘ఇంకా పదోదేనా’ అని నవ్వడం, పోయినసారి హాల్లో పక్కమ్మాయి గబగబా రాస్తుంటే తన పెన్ను కదలకపోవడం. టీచర్ మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఉడికిపోతున్నాను. ఆఫీసు పని మానుకుని, ఫోన్లో గొంతు చించుకుని ఆ లాప్‌టాప్‌ను లేపింది ఇందుకా? ఒక్క లెక్క చెయ్యకుండానే క్లాసు అయిపోయింది. చివర్లో స్వప్న ముక్కు తుడుచుకుని, “పోత టీచర్,” అంది.

“ఒక్క లెక్క సుత చెప్పకపోతిరి,” అన్నాను ఆవిడతో, కోపం దాచుకోకుండానే.

“లెక్కలు దానికొస్తయ్ అనితా. రేపు ఆ హాల్ల కూసుంటదా కూసోదా, గదే నా పరేషాన్ ఉండె,” అన్నారు.

స్వప్న కూర్చుంది. బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. ఆ ఫలితాలు చూసిన తర్వాత టీచర్ ఎక్కువ కాలం లేరు. పోయిన వానాకాలంలో వెళ్లిపోయారు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, ఆవిడ లేరని దుఃఖమూ ఉంది, రెండూ కలిసే వస్తాయి. ఆఫీసులో నేను ఒక్కో కాల్‌కు ఎక్కువసేపు తీసుకుంటానని మా మేనేజరు సణుగుతూనే ఉంటాడు. సణగనివ్వండి.

స్వప్న ఇప్పుడు ఇంటర్‌కు కట్టింది, అందులోనూ లెక్కలే తీసుకుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే నాకు ఫోన్ చేస్తుంది. నాకు లెక్కలు రావని ఆ పిల్లకు బాగా తెలుసు. అయినా సరిగ్గా నేను అన్నానికి కూర్చునే వేళకే చేస్తుంది. ఒక్కో వరసా చదివి వినిపిస్తుంది. నాకు ముక్క అర్థం కాదు, కంచంలో అన్నం చల్లారిపోతుంటుంది, నేను ఊఁ కొడుతూ ఉంటాను. ఎక్కడో ఒకచోట ఆగి, “ఆ, దొరికిందక్కా,” అంటుంది.