ఇసుక వంకలో పెద్ద బండి

కడప బస్టాండులో ఉదయం ఆరుంపావుకు మైదుకూరు బస్సెక్కితే సీటు లేదు. చేతిలో హెల్మెట్, భుజాన మోకాలి తొడుగుల సంచి. పక్కన నిలబడ్డ పెద్దమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"యాడికి పోతాండావమ్మా ఇంత సరంజామాతో?"

"పెద్ద మోటారుసైకిల్ నేర్చుకునేకి, ఇసకలో."

"రోడ్డుండంగా ఇసకలో ఎందుకు తల్లీ?"

కారణం ఉంది. వచ్చే ఆదివారం మా ఆయన, ఆయన స్నేహితులు పెద్ద బండ్ల మీద మట్టిదారుల్లో గండికోటకు పోతున్నారు. "నువ్వు నా వెనక కూచో" అన్నాడాయన. ఇన్నేళ్లుగా స్కూటరు మీద బడికి పోయి లెక్కలు చెప్పి వస్తున్నదాన్ని, ఒళ్లు మండింది. బండ్లు అద్దెకిచ్చే మహబూబ్‌ను అడిగితే ఒక్కటే షరతు పెట్టాడు: పడకుండా ఇసుక వంక దాటితే నాకూ ఒక బండి. లేదంటే వెనక సీటే గతి.

కండక్టరమ్మ కమ్మీ పట్టుకోకుండా, మోకాళ్లు కొద్దిగా వంచి, ఊగే బస్సులో టికెట్లు కొడుతోంది. ఊసుపోక ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

మైదుకూరులో దోసెలు తిని ఆటోలో వంక చేరేసరికి ఎనిమిది. పేరుకు వాగే గానీ చుక్క నీరు లేదు, అంతా ఇసుకే. మహబూబ్ బండితో అక్కడే ఉన్నాడు. మొదటి పాఠం నడపడం కాదు, పడ్డ బండిని లేపడం. వీపు సీటుకు ఆనించి, హ్యాండిల్ పట్టుకుని, కాళ్ల బలంతో వెనక్కి నెట్టాలి. లేచింది! నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఇసుకలో మాత్రం రెండుసార్లు పడ్డాను. స్కూటరు అలవాటు కదా, చక్రం జారగానే కాళ్లు కింద పెట్టేస్తున్నాను.

"కాళ్లు దించొద్దక్కా, ఇరుగుతాయి. చక్రం చూడొద్దు, ఆ ఒడ్డు చూడు" అన్నాడు మహబూబ్. "ఇంగొక్కసారే. ఎండ శానా ఎక్కుతాండాది."

భయమేసింది. అప్పుడు కండక్టరమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లు వదులు చేసి, యాక్సిలరేటరు ఒకేలా పట్టాను. బండి అటూ ఇటూ మెలికలు తిరిగింది. తిరగనీ అనుకున్నాను. చక్రాల కింద గులకరాళ్లు చప్పుడు చేశాకే ఒడ్డెక్కానని తెలిసింది. సంతోషం పట్టలేక గట్టిగా అరిచాను.

"ఆదివారం ఇదే బండి నీకు" అన్నాడు మహబూబ్.

మీరూ నేర్చుకోదలిస్తే ఎండకు ముందే వంక చేరండి, నీళ్లు మరవకండి.

మధ్యాహ్నం తిరుగు బస్సులో అదే కండక్టరమ్మ. "సీటుండాది కదమ్మా, కూచో" అంది.

"వద్దులేమ్మా, నీ మాదిరి నిలబడేది నేర్చుకుంటాండా."

అంతలో మా ఆయన ఫోను. "వెనక సీటుకు మెత్త కొంటాండా. ఏ రంగు కావాల?"

"నీకు నచ్చిందే కొను. దాని మీద సామాన్లు కట్టుకో."

"మరి నువ్వు?"

"నా బండి మీద వస్తా."

బస్సు గుంతలో పడి ఎగిరింది. నేను కమ్మీ పట్టుకోలేదు.