ఒకే జాడీలో రెండు జాతులు

గురువారం పొద్దున సత్తెనపల్లి బస్టాండులో ఉండగా మా మేడమ్ చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క పోయిందమ్మా. నిద్రలోనే," అన్నారు. గుంటూరు బస్సెక్కాను. సీట్లు ఖాళీగానే ఉన్నా కూర్చోలేక దారంతా నిలబడే వెళ్లాను. ఆదివారం వస్తానని మేడమ్‌కు మాటిచ్చి ఉన్నాను.

ఆమె నాకు జంతుశాస్త్రం చెప్పిన గురువు. రిటైరయ్యాక బ్రాడీపేటలో మేడ మీద గదిలో ఒక మైక్రోస్కోపు, గోడ పొడుగునా గాజు జాడీలు పెట్టుకున్నారు. ఆ జాడీల్లోని జీవులను మీరు చూసి ఉండరు. సముద్రంలో బాగా లోతున రాళ్లకు అంటుకుని బతుకుతాయి. ఇంగ్లీషులో సీ స్క్వర్ట్‌లంటారు. వందలాది చిన్న ప్రాణులు ఒకే మెత్తటి తొడుగులో ఇమిడి, ఉడికిన సగ్గుబియ్యం ముద్దలా కనిపిస్తాయి. పరిశోధన ఓడల వాళ్లు తెచ్చినవి ఆమెకు పంపేవారు. ఏది ఏ జాతో తేల్చడం ఆమె పని. పైకి అన్నీ ఒకటే. తొడుగు చీల్చి, బియ్యపు గింజంత ప్రాణిని సూదితో బయటికి తీసి, రంగు పట్టించి, మొప్ప చీలికల వరుసలు లెక్కపెట్టాలి.

మిరప సీజన్లో యార్డుకెళ్లే లారీల ఘాటు ఆ గదిలోకీ వచ్చేది. "ముందు సూది కింద పెట్టు, తర్వాత తుమ్ము," అనేవారు. ఒక్క ప్రాణిని చూసి ఏదైనా చెబితే ఒప్పుకునేవారు కాదు. "ఒకణ్ణి చూసి ఊరి సంగతి చెప్తావేంటమ్మాయ్? ఇంకో పది తియ్యి."

ఒక జాడీలో రెండు జాతులున్నాయని నాకనిపించింది. కొన్నింటిలో పన్నెండు వరుసలు, కొన్నింటిలో తొమ్మిదే. కాలేజీలో ప్రమోషన్ తొందరలో ఆమెకు చెప్పకుండా, కొత్త జాతి అంటూ ఒక పరిశోధన పత్రికకు వ్యాసం పంపేశాను. వేసుకుంటామని జవాబొచ్చాక స్వీట్ల డబ్బాతో వెళ్లాను. ఆమె డబ్బా ముట్టుకోకుండా గంటసేపు నా స్లైడ్లు చూశారు.

"వరుసలు తక్కువ కాదమ్మాయ్. ప్రాణి చచ్చేటప్పుడు ముడుచుకుపోయింది. మడతల్లో ఉన్నవి నువ్వు లెక్కెయ్యలేదు."

"అచ్చుకెళ్లిపోతోందండి."

"అయితే ఆపు. తప్పుడు పేరు ఒకసారి పుస్తకాల్లోకెక్కితే, దాన్ని తియ్యడానికి ఇంకొకళ్ల జీవితం పడుతుంది."

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఆ కోపంతో ఏడాదిన్నర ఆమె గడప తొక్కలేదు.

మొన్న సోమవారం ఆమే ఫోన్ చేశారు. క్షేమసమాచారాలు లేవు. "రెండు జాతులేనమ్మాయ్! నువ్వు చెప్పింది నిజం, చెప్పిన కారణం తప్పు. లోపల పిల్లలున్నాయి. రాయికి అంటుకునే బుడిపెలు ఒకదాని పిల్లకి మూడు, రెండోదాని పిల్లకి నాలుగు. నాకు కళ్లు ఆనట్లేదు. నువ్వొచ్చి చూసి అవునంటేనే అవును."

నేను అలిగి కూర్చున్న ఏడాదిన్నరా ఆమె నా జాడీలోంచి ఒక్కో ప్రాణినీ తీసి చూస్తూ ఉన్నారు. "ఆదివారం వస్తానండి," అన్నాను. ఆ సాయంత్రమే బస్సెక్కి ఉండొచ్చు. ఎందుకెక్కలేదు? సిగ్గు కావచ్చు. ఆ ప్రశ్న నన్నింకా ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

అంత్యక్రియలయ్యాక చెల్లెలు మేడ గది తాళం నా చేతిలో పెట్టారు. "నువ్వొస్తావని అక్క బల్ల మీద ఏదీ కదపనివ్వలేదమ్మా," అన్నారు.

మైక్రోస్కోపు కింద స్లైడు అలాగే ఉంది, అంచున 'రెండోది' అని ఆమె చేతిరాత. కన్ను ఆనించాను. అంతా మసక. ఆమె చూపుకు సరిపోయిన చోట ఫోకస్ మర ఆగి ఉంది. మర మీద వేళ్లు పెట్టి, తిప్పడానికి మనసు రాక, గదిలో అటూ ఇటూ తిరిగాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను.

తిప్పాను. ఒంటి చుట్టూ తోక చుట్టుకున్న పిల్ల మెల్లగా తేటపడింది. ఒక బుడిపె. రెండు. మూడు. ఊపిరి బిగబట్టి మర ఇంకో వెంట్రుకవాసి జరిపాను. తోక కొస చాటు నుంచి నాలుగోది బయటపడింది.