సెప్టెంబరు మా వంతు

ఆ వయసులో నాకు నా చేతి గడియారం మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ళు. సింగానల్లూరులో మా నాయన నడిపే చిన్న వర్క్‌షాపులో ఉత్తరాలు టైపు చేయడం, హాజరు పుస్తకం రాయడం నా పని. తొమ్మిదికి రావలసినవాడు తొమ్మిదీ నాలుగుకు వస్తే ఆ నాలుగూ ఎర్ర సిరాతో వేసేదాన్ని. కూలివాళ్ళు నన్ను ‘మణిక్కూండు’ అనేవారు (మా కోయంబత్తూరు వైపు ఊరి నడుమ నిలబెట్టే గడియారపు స్తంభానికి ఆ పేరు). అది మెచ్చుకోలని నేను చాలాకాలం అనుకున్నాను.

మా ఇంట్లో నేను రాసే పట్టీ ఇంకొకటి ఉండేది, మా అత్తది. నాయనకు చెల్లెలు. పంతొమ్మిదో ఏట మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. అన్నదమ్ములు ముగ్గురూ ఆమెను నెలకొక ఇంట్లో పెట్టుకునేవారు. సింగానల్లూరులో మేము, తరువాత పీలమేడులో పెదనాయన, ఆ తరువాత తేనిలో చిన్నాయన. ఒకటో తేదీ ఉదయం ఆమె రేకుపెట్టె బస్సెక్కేది. నేను లెక్కలు నేర్చిన నాటి నుంచి ఏ నెల ఎవరి వంతో ఏడాదికి సరిపడా గీతలు గీసి, మూడు నకళ్ళు తీసి, మూడిళ్ళకు పంపేదాన్ని. మూడిళ్ళవాళ్ళూ నన్ను పొగిడారు. అత్త కూడా ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో దాచుకునేది.

1987లో నాయన నేత యంత్రాలు చూడటానికి బెల్జియం పోవలసి వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడటానికి నేను. ప్రయాణం సెప్టెంబరు ఇరవై ఒకటిన. అత్తను పది రోజులు ముందే పంపుతామని పీలమేడుకు కబురు పెడితే పెదనాయన నేరుగా ఇంటికే వచ్చాడు. “వంతు అంటే వంతే రా తమ్ముడూ. ఈ తూరి పది దినాలు ముందే పెట్టుకుంటే, రేపు దాన్నే వాడిక చేసేస్తారు మీరు” అన్నాడు. నాయన నా వైపు తిరిగాడు. “పట్టీ ఏమంటా ఉండాది అమ్మిణీ?” నేను తీసి చూపించాను. “ముప్పయ్యో తేదీ దాకా మనదే నాయనా.” నాయన కాసేపు మీసం దువ్వుకుని, “శరి, అయితే దాన్నీ ఎత్తుకొని పోదాం. ఆడ నాకు చారన్నం పెట్టేదానికి ఒకరు కావల్ల గదా” అన్నాడు. మా అత్త యూరపు చూసింది అందుకే. ఒక ఇంటి తలుపు పది రోజులు ముందు తెరుచుకోలేదు కాబట్టి.

సెప్టెంబరు ఇరవై ఏడు, ఆదివారం. నాయనకు యంత్రాలవాళ్ళతో మాటలున్నాయి. నేనూ అత్తా రైల్లో బ్రూజ్ అనే పాత ఊరికి వెళ్ళాం. సన్నగా తుంపర. అత్త చీర మీద రెండు స్వెట్టర్లు, తల మీద నాయన మంకీ టోపీ. నా చేతిలో నిమిషాలతో సహా రాసుకున్న కార్యక్రమం. గంటల గోపురానికి నలభై నిమిషాలు, కాలువలకు ఇరవై ఐదు, చర్చికి పదిహేను. గోపురానికి మూడువందల అరవై ఆరు మెట్లని పుస్తకంలో ఉంది. ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి లెక్కపెట్టాను, సరిపోయింది. అయితే గోపురం గడియారం మాత్రం నా గడియారం కంటే సరిగ్గా గంట వెనక ఉంది. వందల ఏళ్ళ కట్టడం, పాపం, ఎవరూ కీ ఇచ్చినట్టు లేదు అనుకున్నాను. ‘ఈ ఊరి గడియారం తప్పు’ అని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. (పొద్దున స్టేషన్లో గడియారం చూడలేదా అంటారేమో. చేతికి ఒకటి ఉండగా ఇంకొకటి చూడటం నా పద్ధతి కాదు. రైలు గంట ఆలస్యంగా వస్తే రైలునే తిట్టుకున్నాను.)

చివరగా, ఊరి అంచున, హంసలు తిరిగే చెరువు పక్కన ఒక పాత ఆవరణకు వెళ్ళాం. నడుమ పచ్చిక, పొడుగాటి చెట్లు, చుట్టూ తెల్లటి చిన్న చిన్న ఇళ్ళు. మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు, పెళ్ళి చేసుకోనివాళ్ళు కొన్ని వందల ఏళ్ళ కిందట తమంతట తామే బతకడానికి ఏర్పరచుకున్న చోటు అది. ఇప్పుడు సన్యాసినులూ, ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు కొందరూ ఉంటున్నారని పుస్తకంలో ఉన్నది చదివి చెప్పాను. అంతవరకూ కాళ్ళు నొప్పులంటూ నా వెనక ఈడ్చుకుంటూ వచ్చిన అత్త అక్కడ ఆగిపోయింది.

“ఈడ మొగోళ్ళే లేరా అమ్మిణీ?”

“లేరు.”

“మరి ఎవురికి వండుతారు?”

“ఎవరికి వాళ్ళే వండుకుంటారు అత్తా.”

“ఎవురికి వాళ్ళేనా!” అని ఆమె మంకీ టోపీ తీసేసింది. “మీ ఇంట్లో ఉప్పు తక్కువ, పీలమేడులో పులుపు ఎక్కువ, తేనిలో కారం. నాకు ఏది ఇష్టమో నాకే మరిచిపోయింది, చూడు” అని నవ్వింది.

ఒక ఇంటి ముందు తెల్లజుట్టు పెద్దావిడ పూలకుండీ సర్దుతోంది. అత్త ఆమె ఎదుట నిలబడి, “అడుగమ్మిణీ, ఈ ఇంటి తాళం ఎవురి దగ్గర ఉంటాదని అడుగు” అంది. ఇదేం ప్రశ్న అనుకుంటూనే ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ జేబులోంచి తాళంచెవి తీసి చూపించింది. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు చూసి, తిరిగి ఇచ్చింది. ఆవిడ తలుపు బార్లా తెరిచి పట్టుకుని, “చలిగా ఉంది, ఇద్దరూ లోపలికి రండి, కాఫీ తాగి ఇల్లు చూసి వెళ్ళండి” అంది.

నా గడియారంలో మూడూ ముప్పై ఒకటి. రైలు మూడూ యాభై ఎనిమిదికి. స్టేషనుకు పదిహేను నిమిషాల నడక. కాఫీకి నా కార్యక్రమంలో చోటు లేదు. “ఏమంటా ఉండాది?” అని అత్త అడిగింది. “లోపలికి ఎవరినీ రానివ్వరంట అత్తా, పోదాం, సీక్రం” అన్నాను. ఆవిడకు థాంక్స్ చెప్పి అత్త మోచెయ్యి పట్టుకున్నాను. అత్త రెండుసార్లు వెనక్కి చూసింది. ఆవిడ ఇంకా తలుపు పట్టుకునే ఉంది.

యాభై ఒక్కేళ్ళ మనిషిని తడి రాళ్ళ మీద దాదాపు పరుగెత్తించాను. స్టేషను చేరేసరికి నా గడియారంలో మూడూ నలభై ఆరు. స్టేషన్ గడియారంలో రెండూ నలభై ఆరు. ఇదీ పాడైందా అని టికెట్ల మనిషిని నిలదీశాను. అతను ఓపిగ్గా చెప్పాడు. నిన్న రాత్రి దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పారట. వేసవి అయిపోతే ప్రతి ఏడూ తిప్పుతారట. ఆ రోజు ఆ దేశం మొత్తంలో తప్పు టైము చూపిస్తున్నది నా గడియారం ఒక్కటే.

“ఏమంటాడు?” అంది అత్త.

“రైలుకు ఇంకా గంటా పన్నెండు నిమిషాలుంది.”

అత్త ముఖం విప్పారింది. “అంత పొద్దుండాదా? అయితే ఆ తెల్లిండ్ల దగ్గరికి ఇంకోసారి పోయొస్తామా? లోపలికి వద్దులే, బయటి నుంచే.”

తిరిగి వెళితే ఆవిడ మళ్ళీ తలుపు తెరుస్తుంది. నా అబద్ధం బయటపడుతుంది. “నీ కాళ్ళు నొప్పులు గదా, కూర్చో” అన్నాను. ఆ చలిలో, ఇనుప బెంచీ మీద, డెబ్భై రెండు నిమిషాలు కూర్చున్నాం. నేను గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకున్నాను. అక్టోబరు ఒకటిన, ఒక్క రోజు తేడా లేకుండా, రేకుపెట్టె పీలమేడుకు పోయింది.

నాయన పోయాక సింగానల్లూరు ఇల్లు నాది అయింది. పెళ్ళి చేసుకోలేదు, గదులు ఖాళీగానే ఉండేవి. అయినా పట్టీ ప్రకారం అత్త వస్తూ పోతూనే ఉంది. నేనూ ఆపలేదు. అలవాటైన గీతలు, అంతే. 2003 జూన్ ముప్పై సాయంత్రం ఆమె మడిచిన చీరనే మళ్ళీ విప్పి మడవడం చూసి, “ఇంక ఎక్కడికీ వద్దు అత్తా, ముందరి గది నీది, తాళం కూడా నీ దగ్గరే పెట్టుకో” అన్నాను. బ్రూజ్ నుంచి పదిహేనేళ్ళ తొమ్మిది నెలల మూడు రోజులు పట్టింది నాకు ఆ మాట అనడానికి. అంటూనే ఏడుపొచ్చింది. ఆ రోజు చెప్పింది అబద్ధమని, ఆ పెద్దావిడ నిజంగా లోపలికి పిలిచిందని చెప్పేశాను.

అత్త మడత ఆపలేదు. “తలుపు తెరిచి పట్టుకొని నవ్వుతా ఉంటే, దాన్ని నువ్వు ఇంగ్లీసులోనించి మార్చి చెప్పల్లనా అమ్మిణీ? పిలిచిందని నాకు తెలీదా?” అంది.

“మరి ఎందుకు ఊరుకున్నావు?”

“నీకు రైలుండె గదా” అంది. తరువాత, “జులై వాళ్ళది. ఈ ఒక్క తూరి పోయొస్తాను, లేకుంటే మీ పెదనాయన కొడుకు ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఆగస్టులో వచ్చేస్తాను. గది తుడిపించి పెట్టు” అంది.

తుడిపించాను. కిటికీకి కొత్త తెర కుట్టించాను. తేనికి ఫోను చేసి ఆగస్టు మీది కాదని చెప్పాను. జులై పంతొమ్మిదిన అత్త పీలమేడులో నిద్రలోనే పోయింది. ఆ నెలలో ఇంకా పన్నెండు రోజులు మిగిలి ఉన్నాయి. వాటిని ఏ ఇంటి కింద రాయాలో తెలియక గడులు ఖాళీగా వదిలేశాను. నేను పూర్తి చేయకుండా వదిలిన కాగితం నా జీవితంలో అదొక్కటే.

ఇప్పుడు అప్పుడప్పుడు ఆ మణిక్కూండు పిల్ల గుర్తొస్తుంది. తప్పు గడియారం చేతికి కట్టుకుని, సరైన గడియారాలన్నిటినీ తప్పుపడుతూ, ఒక పెద్దమనిషిని ఈడ్చుకుంటూ వానలో ఎంత శ్రద్ధగా పరుగెత్తిందో, పాపం. దాని మీద కోపం తెచ్చుకుందామంటే రాదు, నవ్వే వస్తుంది. నవ్విన తరువాత మాత్రం కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.